అక్టోబర్‌లో వాంకూవర్ ప్రయాణం, జనవరిలో పురుడు: ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఏ రోజు నుంచి మొదలవుతుంది?

దాసన్నపేట కోడలు, విజయనగరం

అందరికీ నమస్కారం. తిన్నగా విషయానికొస్తాను. మాకు కెనడా పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చింది. మా ఆయన, నేను, నాలుగేళ్ల పాప. నాకిప్పుడు ఐదో నెల నడుస్తోంది. డాక్టరమ్మ ఇచ్చిన తేదీ జనవరి 15. మెడికల్ పరీక్షలు కిందటేడు అక్టోబర్‌లో చేయించాం కాబట్టి పేపర్ల గడువు ఈ అక్టోబర్ 20తో అయిపోతుంది. ఈలోగా అక్కడ దిగి తీరాలి.

మా ఆయనకి బ్రిటిష్ కొలంబియాలో, వాంకూవర్ పక్కన బర్నబీలో ఉద్యోగం కుదిరింది. టికెట్లు అక్టోబర్ 9కి చూసి పెట్టాం, ఇంకా కొనలేదు. ఆ తేదీయే ఎందుకంటే ఈసారి, 2025లో, దసరా అక్టోబర్ 2, పైడితల్లమ్మ సిరిమానోత్సవం 7వ తేదీ మంగళవారం. మా ఊరివాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. సిరిమాను చూడకుండా ఆ వారంలో ఊరు దాటుతామంటే ఇంట్లో ఒక్కరూ ఊరుకోరు.

గొడవంతా ఇన్సూరెన్స్ దగ్గరే వచ్చింది. వైజాగ్‌లో కన్సల్టెన్సీ అతను "కెనడాలో వైద్యం ఫ్రీ అండి, దిగిన రోజు నుంచే" అన్నాడు. ఎక్కడ రాసుందో చూపించమంటే వాట్సాప్‌లో ఓ ఫొటో పంపించాడు. తీరా చూస్తే అది అంటారియోది, మేం వెళ్లేచోటిది కాదు. ఆ అంటారియోలోనే బ్రాంప్టన్‌లో ఉన్న మా ఆడపడుచు కూడా "మాకు వెంటనే ఇచ్చేశారు వదినా, ఎందుకంత భయం" అంటుంది. మా ఆయన ఆఫీసు హెచ్‌ఆర్ ఆవిడ మాత్రం "వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది" అని మెయిల్లో ఒక్క ముక్క రాసి ఊరుకుంది. ఎంత, ఎప్పటి నుంచి అని అడిగితే ప్రభుత్వాన్ని అడగమంది.

ఇంట్లో అమ్మది ఒకటే పాట. "నువ్వు ఘోషాసుపత్రిలో పుట్టావు, పెద్దదీ ఈ ఊళ్లోనే పుట్టింది, ఇదీ ఇక్కడే కానిచ్చుకుని వెళ్లు." గడువు సంగతి చెబితే అర్థమవుతుంది గానీ ఒప్పుకోదు. నాన్నగారిది ఇంకో భయం. అక్కడ కవరేజీ లేకుండా పురుడొస్తే లక్షల్లో బిల్లు వేస్తారని ఎవరో చెప్పారట.

కాబట్టి తెలిసినవాళ్లు చెప్పండి. బ్రిటిష్ కొలంబియాలో దిగితే కవరేజీ ఏ తేదీ నుంచి? వీసా తేదీ నుంచా, దిగిన తేదీ నుంచా, అప్లై చేసిన తేదీ నుంచా? మధ్యలో ఖాళీ ఉంటే ఆఫీసు ఇచ్చే గ్రూప్ ఇన్సూరెన్స్ పురుటికి పనికొస్తుందా? "అంతా మంచే జరుగుతుంది" అన్న జవాబులు మా ఇంట్లో బోలెడు ఉన్నాయి, అవి వద్దు.


రాజాం కుర్రాడు, మిస్సిసాగా

అక్కా టెన్షన్ పడకండి. నేను కిందటేడు వచ్చాను. సర్వీస్ అంటారియో ఆఫీసుకెళ్లి పీఆర్ కాగితం, పాస్‌పోర్టు, అద్దె అగ్రిమెంటు చూపించాను. ఆ రోజు నుంచే కవరేజీ. వెయిటింగ్ లేదు, ఏం లేదు. మీ ఆడపడుచుగారు చెప్పిందే కరెక్టు.


ఆమదాలవలస అమ్మాయి, సర్రే

తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజమే, కానీ అది అంటారియో సంగతి. ఆవిడ వెళ్తున్నది బీసీకి, అంటే బ్రిటిష్ కొలంబియాకి. కెనడాలో ఈ ఇన్సూరెన్స్ నడిపేది ప్రావిన్సులు, మన రాష్ట్రాల్లాంటివి. ఎవరి రూలు వాళ్లదే. పైన 1984 నాటి కెనడా హెల్త్ యాక్ట్ ఒకటుంది. కొత్తగా వచ్చినవాళ్లని మూడు నెలలకి మించి ఆపకూడదని అది అంటుంది. ఆ మూడు నెలల్లోపు ఆపుతారా, ఆపరా అన్నది ప్రావిన్సు ఇష్టం. అంటారియో కూడా ఒకప్పుడు ఆపేది. కోవిడ్ వచ్చినప్పుడు 2020 మార్చిలో ఎత్తేసింది, మళ్లీ పెట్టలేదు. అందుకే ముందు వెళ్లినవాళ్లు ఒకటి చెబుతారు, తర్వాత వెళ్లినవాళ్లు ఇంకొకటి చెబుతారు. ఇద్దరూ నిజమే చెబుతారు, వినేవాళ్లకి మాత్రం తల తిరుగుతుంది. అల్బర్టాలో వేరే దేశం నుంచి వచ్చినవాళ్లు మూడు నెలల్లోపు నమోదు చేసుకుంటే దిగిన రోజు నుంచే లెక్క.

ఇక చెల్లీ, నీ విషయం. బీసీలో దీన్ని ఎమ్మెస్పీ అంటారు, మెడికల్ సర్వీసెస్ ప్లాన్. దిగిన నెలలో మిగిలిన రోజులు, ఆపైన రెండు పూర్తి నెలలు ఆగాలి. మూడు నెలలు అని నోటి లెక్కగా అందరూ అనేస్తారు గానీ ఇందులో ఒక కిటుకుంది. వాళ్లు లెక్కపెట్టేది 90 రోజులు కాదు, క్యాలెండర్ నెలలు.

నువ్వు అక్టోబర్ 9న బయల్దేరి 10న దిగావనుకో. అక్టోబర్ అంతా పోయింది, నవంబర్, డిసెంబర్ ఆగాలి. కవరేజీ జనవరి 1 నుంచి. అదే సెప్టెంబర్ 27న దిగావనుకో. సెప్టెంబర్‌లో మిగిలిన ఆ మూడు నాలుగు రోజులే ఒక నెల కింద పోతాయి, అక్టోబర్, నవంబర్ ఆగితే డిసెంబర్ 1 నుంచి వచ్చేస్తుంది. రెండు వారాలు ముందు ఎక్కితే ఒక నెల కలిసొస్తుంది. నీ తేదీ జనవరి 15. రెండో కాన్పు, నెల ముందే వచ్చినా రావచ్చు. జనవరి 1ని నమ్ముకుని డిసెంబర్ అంతా క్యాలెండర్ చూసుకుంటూ కూర్చోవడం ఎందుకు?

ఇంకో సంగతి. నెలాఖరు కదా అని 29, 30 తేదీల్లో దిగేలా కొనకు. మధ్యలో ఒక్క ఫ్లైట్ తప్పిపోయి అక్టోబర్ 1 తెల్లారి దిగితే మళ్లీ జనవరి 1కి పోతావు. టొరంటోలో పీఆర్ స్టాంపు వేయించుకుని ఆడపడుచు ఇంట్లో రెండు రోజులుండి వద్దామనుకుంటున్నావేమో, అదీ చూసుకో. లెక్క స్టాంపు నుంచి కాదు, బీసీలో కాపురం పెట్టిన రోజు నుంచి.

అప్లై చేసిన తేదీ గురించి అడిగావు. దిగిన వారంలోనే ఆన్‌లైన్‌లో అప్లై చేసెయ్యి. అలాగని ఆ రోజు నుంచి మొదలైపోదు. నేను ఇక్కడ బీసీలోనే ఒక క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుంటాను. నంబరు కొట్టగానే ఆ రోజుకి కవరేజీ ఉందో లేదో స్క్రీన్ మీద వచ్చేస్తుంది. లేదని వస్తే డబ్బు కట్టించుకోవడం నా డ్యూటీ. కిందటి చలికాలంలో గుంటూరు వైపు జంట వచ్చారు, పిల్లాడికి చెవిపోటు. తండ్రి ఫోన్లో అప్లికేషన్ రసీదు పైకీ కిందకీ జరుపుతూ "చేశాం కదండీ, ఇదిగో కన్ఫర్మేషన్ నంబరు" అంటాడు. ఆ రసీదులో తప్పు లేదు. కవరేజీ వచ్చే నెల ఒకటి నుంచి, వాళ్లొచ్చింది ఆఖరి వారంలో. పిల్లాడేమో చెవి పట్టుకుని వాళ్లమ్మ భుజం మీద ఏడుస్తున్నాడు. డాక్టరు ఫీజు, మందులు అన్నీ సొంతంగా కట్టుకున్నారు. తెలుగులో సర్దిచెప్పడం తప్ప నేను చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. రేపు మీ పాపదీ ఇదే లెక్క. బీసీలో పిల్లలకి వేరే రూలు లేదు.

ఈ మధ్య ఖాళీకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం నెలల లెక్కన అమ్మే ప్రైవేటు పాలసీలున్నాయి. ముగ్గురికీ కొనండి. బయల్దేరక ముందే కొనండి, ఎందుకంటే దిగాక కొంటే జబ్బు చేసినా కొన్ని రోజుల వరకు డబ్బు ఇవ్వం అని చాలా పాలసీల్లో రాసుంటుంది. జ్వరాలకీ, కాలు విరగడానికీ, పాపకీ అది పనికొస్తుంది. నీ కడుపు మాత్రం దాంట్లోకి రాదు. పాలసీ కొనేనాటికే ఉన్న గర్భాన్ని మామూలుగా మినహాయించేస్తారు. ఏజెంటు "అన్నీ కవరవుతాయి మేడమ్" అంటే, గర్భం గురించి ఏ పేజీలో ఉందో చూపించమని మెయిల్లో అడుగు. నోటిమాట మీద కొనకు.

ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ సంగతంటావా, అది మామూలుగా మందులు, పళ్లు, కళ్లద్దాల వరకే. ఎమ్మెస్పీకి అదనం, దాని బదులు కాదు. ఎమ్మెస్పీకి నెలవారీ ప్రీమియం లేదు, 2020 జనవరి 1 నుంచి ఎత్తేశారు. కాకపోతే హాస్పిటల్ బయట కొనే మందులు ఎమ్మెస్పీలోకి రావు. ఇది మనవాళ్లకి చివరిదాకా తెలీదు.


దాసన్నపేట కోడలు

అక్కా, మీకు చాలా థాంక్స్. క్యాలెండర్ నెలల లెక్క ఒక్కరూ చెప్పలేదు మాకు. మా ఆయనకి చదివి వినిపిస్తే వెంటనే లేచి ల్యాప్‌టాప్ తెరిచి టికెట్లు చూడ్డం మొదలెట్టారు. అత్తగారు మాత్రం "సిరిమాను చూడకుండా వెళ్తే ఎలాగమ్మా" అని గుమ్మంలోనే ఆగిపోయారు.

ఒక డౌటు. ఆడపడుచు అంటుంది, పురుడయ్యేదాకా నువ్వూ పాపా మా ఇంట్లో బ్రాంప్టన్‌లో ఉండండి, అన్నయ్య బర్నబీలో ఉంటాడు, నీకు మొదటి రోజే కార్డు వస్తుంది అని. అలా చెయ్యొచ్చా? మోసం కిందికి రాదు కదా?


చీపురుపల్లి వాసి

అంత తలనొప్పి దేనికండీ. అక్టోబర్‌లో అందరూ వెళ్లి స్టాంపు వేయించుకోండి, పది రోజుల్లో వెనక్కి వచ్చేయండి. పీఆర్ పోదు. పురుడు మీ అమ్మగారి దగ్గర పోసుకుని, బిడ్డకి మూడో నెల రాగానే నలుగురూ కలిసి వెళ్లిపోండి. మావాళ్లు ఇద్దరు ముగ్గురు ఇలాగే స్టాంపు వేయించుకుని వచ్చేశారు.


ఆమదాలవలస అమ్మాయి, సర్రే

ఓలమ్మ! ఆ పని మాత్రం చెయ్యకండి. అలా వెళ్లొచ్చినవాళ్లకి కడుపులో బిడ్డ ఉండుండదు. తల్లిదండ్రులకి పీఆర్ ఉన్నంత మాత్రాన ఇండియాలో పుట్టిన బిడ్డకి పీఆర్ రాదు. మీరు దిగాక ఇక్కడ పుట్టే బిడ్డ, మీరు దిగకముందు పుట్టిన బిడ్డ, దిగి వెనక్కొచ్చాక పుట్టిన బిడ్డ, ముగ్గురివీ మూడు దారులు. ఇక్కడ పుడితే పుట్టుకతోనే పౌరసత్వం. దిగకముందు పుడితే ఇమిగ్రేషన్ వాళ్లకి తెలియజేసి బిడ్డని కూడా అప్లికేషన్‌లో చేర్చాలి, అది తేలకుండా ఎక్కకూడదు. దిగి వెనక్కొచ్చాక పుడితే వేరేగా స్పాన్సర్ చెయ్యాలి. స్పాన్సర్ చేసే పీఆర్ మనిషి కెనడాలో నివాసం ఉండాలి. అంటే నాన్న కెనడాలో, పసిబిడ్డతో నువ్వు ఇండియాలో, ఫైలు ఎప్పుడు కదులుతుందో తెలీదు. వైద్యం డబ్బు మిగుల్చుకుందామని వెళ్లి బిడ్డ కాగితాల దగ్గర ఇరుక్కుపోతారు.

బ్రాంప్టన్ సంగతి. నిజంగా అక్కడ కాపురం పెడితే మోసమేం కాదు. పెట్టినట్టు చూపిస్తేనే మోసం. అంటారియో వాళ్ల కార్డు కావాలంటే నీ అసలు నివాసం అంటారియోయే అయ్యుండాలి. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి 183 రోజుల్లో 153 రోజులు అక్కడే ఉండాలని రూలు. అంటే దగ్గర దగ్గర ఐదు నెలలు. సెప్టెంబర్ ఆఖర్లో దిగితే ఫిబ్రవరి దాటేదాకా. ఆ తర్వాత బీసీకి మారితే ఇక్కడి వెయిటింగ్ అప్పుడు మొదలవుతుంది, కాకపోతే అప్పటిదాకా అంటారియో కార్డు మీద నడిచిపోతుంది. కెనడాలో ఒక ప్రావిన్సు నుంచి ఇంకోదానికి మారినవాళ్లు నడిమధ్యన ఖాళీగా ఉండిపోరు. బయట దేశం నుంచి వచ్చినవాళ్లకే ఆ ఖాళీ. అద్దె కాగితం ఆడపడుచు పేరు మీద, భర్త జీతం బీసీలో, పురుడవగానే ప్రయాణం, ఇలా కథ అల్లితే మాత్రం రేపు ఎవరైనా ఫైలు తిరగేసినప్పుడు నువ్వే జవాబు చెప్పుకోవాలి.

నా మట్టుకు నాకు, రెండు నెలల చెకప్‌ల డబ్బు కట్టుకోవడమే నయమనిపిస్తుంది. ఐదు నెలలు మొగుడొకచోట, పెళ్లామొకచోట, చలికాలం, నాలుగేళ్ల పిల్ల, నిండు చూలాలు. ఆడపడుచు ఎంత మంచిదైనా ఆవిడ ఇల్లు ఆవిడదే. ఇది రూలు కాదులే, నా అభిప్రాయం.


బొబ్బిలి సిస్టర్, లెస్టర్

మాది ఇంగ్లండ్. ఇక్కడ ఆగమనరు, ముందే వసూలు చేస్తారు. వీసాకి అప్లై చేసేటప్పుడే హెల్త్ సర్‌ఛార్జ్ అని కట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు, స్టూడెంట్లకీ 18 ఏళ్ల లోపు పిల్లలకీ 776. మూడేళ్ల వీసా అయితే మూడేళ్లదీ ఒకేసారి. ఇద్దరు పెద్దలు, ఒక పాప అంటే లెక్కేసుకోండి. టికెట్ల కన్నా ఇదే పెద్ద ఖర్చు. ఒకసారి కట్టి వీసా మొదలైతే ఇక్కడివాళ్లలాగే ఎన్‌హెచ్‌ఎస్, అంటే ప్రభుత్వ వైద్యం, పురుడు కూడా. నేను నర్సుని, హెల్త్ అండ్ కేర్ వీసా మీద వచ్చాను కాబట్టి నాకూ మావాళ్లకీ ఆ సర్‌ఛార్జ్ లేదు. మన జిల్లాల నుంచి నర్సింగ్ చేసి వచ్చే పిల్లలు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఏజెంటు ఎవరైనా మీ దగ్గర సర్‌ఛార్జ్ పేరుతో డబ్బు అడిగితే రసీదు చూపించమనండి.

డబ్బు కట్టినంత మాత్రాన అయిపోదు, దిగగానే దగ్గర్లో జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, దగ్గర పేరు రాయించుకోవాలి. అడ్రసు ప్రూఫ్ లేదని జీపీ వాళ్లు తిప్పి పంపకూడదు. పంపితే గట్టిగా అడగండి. ఇంగ్లండ్‌లో మందుల చీటీకి ఒక్కో మందుకి 9.90 పౌండ్లు, గర్భిణులకీ, పురుడయ్యాక ఏడాది వరకూ ఫ్రీ, దానికి సర్టిఫికెట్ తీసుకోవాలి. పురుటికి సాయంగా విజిట్ వీసా మీద వచ్చే అమ్మలకి మాత్రం ఇవేవీ వర్తించవు. ఎమర్జెన్సీ గదిలో చూసేంతవరకు బిల్లు ఉండదు, వార్డులో చేర్చుకున్నారంటే మామూలు రేటుకి ఒకటిన్నర రెట్లు. మా అమ్మని పిలిపించుకున్నప్పుడు ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా ఫ్లైట్ ఎక్కనివ్వలేదు నేను.

కోడలుగారూ, మీ అమ్మగారు కూడా కెనడా వస్తారేమో. ఆవిడకీ చూసుకోండి.


కంచిలి మాస్టారు

అడిగింది కెనడా గురించి, నేను చెప్పేది అమెరికా గురించి. అయినా ఈ మాట చదివేవాళ్లలో పెద్దవాళ్లుంటారని రాస్తున్నాను. మా అబ్బాయి సిటిజనై మా ఇద్దరికీ గ్రీన్ కార్డు చేయించాడు. 65 దాటాం కదా, పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్ ఇస్తారని ధీమాగా వెళ్లాం. కొత్తగా గ్రీన్ కార్డు మీద వచ్చినవాళ్లు ఐదేళ్లు వరుసగా అక్కడే ఉంటేగాని మెడికేర్‌లో చేరడానికి లేదు. చేరాక కూడా, అక్కడ ఉద్యోగం చేసి పన్ను కట్టినవాళ్లం కాదు కాబట్టి, 2025 రేట్ల ప్రకారం ఆసుపత్రి భాగానికి నెలకి 518 డాలర్లు, డాక్టరు భాగానికి 185 డాలర్లు. ఇద్దరికీ కలిపితే నా పెన్షన్ ఏ మూలకీ రాదు. ఆదాయం లేనివాళ్లకని మెడికేడ్ ఉంది, 1996 చట్టం వచ్చాక దానికీ మామూలుగా ఐదేళ్ల అడ్డు. ఈలోగా ప్రభుత్వం పెట్టిన ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్‌లో ప్లాను కొనుక్కోవచ్చు, కాని కార్డు వచ్చిన 60 రోజుల్లోపు చేరిపోవాలి. లేదంటే మళ్లీ వాళ్లు తలుపు తెరిచేదాకా ఆగాలి.

నాకేమో కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరిగింది. ఉద్దానం మనిషికి ఈ ముక్క విడమరిచి చెప్పాలా. మా వీధిలో డయాలసిస్‌కి వెళ్లని ఇల్లు వెతుక్కోవాలి. అబ్బాయి ఉండమన్నాడు, నేనే కార్డు వదులుకుని వచ్చేశాను. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచాక పరీక్షలకి ప్రతిసారీ విశాఖ కేజీహెచ్‌కి పరుగెత్తే బాధ తప్పింది. డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 పింఛనుంది. నాకింకా అంతదాకా రాలేదు. మా ఆవిడ మాత్రం మనవల దగ్గరే ఉండిపోయింది, ఆవిడకి బీపీ తప్ప ఏమీ లేదు. ఐదేళ్లు ఎప్పుడు నిండుతాయో ఫోన్ చేసినప్పుడల్లా చెబుతుంది.

అమ్మా, నువ్వు చిన్నదానివి, నీకు రెండు నెలలే. బేగి టికెట్లు మార్చుకో.


సోంపేట, దమ్మాం నుంచి

మా గల్ఫ్‌వాళ్ల సంగతి ఎవరూ అడగరు, నేనే చెబుతా. సౌదీలో ప్రభుత్వం ఇచ్చేది కాదు, కంపెనీయే మనకి హెల్త్ ఇన్సూరెన్స్ చేయించాలి, అది చట్టం. ఇండియా నుంచి ఇమిగ్రేషన్ క్లియరెన్స్ మీద వచ్చేవాళ్లకి ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, రెండేళ్లకి 275, మూడేళ్లకి 375 రూపాయలు. ప్రమాదంలో పోతే 10 లక్షలు. ఆ కాగితం ఇంట్లోవాళ్ల దగ్గర ఒకటి పెట్టి రండి. మనం పోయాక వెతుక్కునేది వాళ్లే.


దాసన్నపేట కోడలు

మాస్టారూ, మీ ఆరోగ్యం జాగ్రత్త. అందరికీ పేరుపేరునా థాంక్స్.

తేల్చేశాం. సెప్టెంబర్ 25కి టికెట్లు కొన్నాం, వాంకూవర్‌కే తిన్నగా. రెండు రోజులు ఆలస్యమైనా సెప్టెంబర్‌లోనే దిగుతాం. బ్రాంప్టన్ వద్దనుకున్నాం. ఆడపడుచు కొంచెం చిన్నబుచ్చుకుంది, పురుటికి తనే వాంకూవర్ వస్తానంది. అమ్మతో మాట్లాడ్డం మాత్రం కష్టమైంది. చివరికి మా ఆయనే "అత్తయ్యా, సిరిమాను వచ్చే ఏడు కూడా తిరుగుతుంది, ఈ పురుడు వచ్చే ఏటికి ఆగదు" అన్నారు. అమ్మ ఇంకేం మాట్లాడలేదు. ఆదివారం మూడు లాంతర్ల దగ్గర అమ్మవారి గుడికి వెళ్లి మొక్కు ముందుగానే చెల్లించేశాం.

కన్సల్టెన్సీ అతనికి ఈ లెక్కంతా పంపిస్తే బొటనవేలు గుర్తు పెట్టాడు. అంతే.

సర్రే అక్కా, ఇక ఆఖరి ప్రశ్నలు. అక్టోబర్, నవంబర్ చెకప్‌లకి ఎక్కడికెళ్లాలి? కార్డు లేదని, చూడం అనరు కదా? ఇక్కడి నుంచి ఏయే కాగితాలు పట్టుకురావాలి?


ఆమదాలవలస అమ్మాయి, సర్రే

డబ్బు కడతానంటే చూడం అనరు. ఫోన్ చేసినప్పుడే "కవరేజీ డిసెంబర్ 1 నుంచి, అప్పటిదాకా సొంతంగా కడతాం, ఎంతవుతుంది" అని అడుగు. క్లినిక్కుకీ క్లినిక్కుకీ రేటు తేడా ఉంటుంది. డాక్టరు ఫీజు ఒకటి, స్కాను ఒకటి, రక్తపరీక్ష ఇంకొకటి, మూడింటికీ మూడు బిల్లులు వస్తాయి, కంగారుపడకు. ఐదో నెల పెద్ద స్కాను విజయనగరంలోనే చేయించుకో, షుగరు పరీక్ష కూడా బయల్దేరే ముందు అవుతుందేమో డాక్టరమ్మని అడుగు. అక్కడ చేయించింది ఇక్కడ మళ్లీ చెయ్యక్కర్లేకపోతే అదే మిగులు. డిసెంబర్ కోసం ఆగకుండా దిగిన వారంలోనే మెటర్నిటీ క్లినిక్‌లో గానీ మిడ్‌వైఫ్ దగ్గర గానీ పేరు రాయించుకో. ఇక్కడ అవి తొందరగా నిండిపోతాయి. డిసెంబర్ ముందు రక్తం కనిపించినా, నొప్పులొచ్చినా బిల్లు గురించి ఆలోచిస్తూ ఇంట్లో కూర్చోకు. ఎమర్జెన్సీలో ముందు చూస్తారు, డబ్బు మాట తర్వాత.

కాగితాలంటే, స్కాను రిపోర్టులు ఫిల్ములతో సహా, బ్లడ్ గ్రూపు, మొదటి కాన్పు ఎలా జరిగిందో డాక్టరమ్మ చేత ఒక పేజీ ఇంగ్లిషులో రాయించుకుని సంతకం, ముద్ర వేయించుకో. మనవాళ్ల డిశ్చార్జ్ షీట్లలో రాత ఇక్కడ ఎవరికీ అర్థం కాదు. పాప టీకాల కార్డు. ప్రయాణం నాటికి నీకు ఆరో నెల కాబట్టి ఎయిర్‌లైన్ మామూలుగా అడగదు, అయినా ఎక్కొచ్చని ఒక ఉత్తరం బ్యాగులో ఉంచుకో. ఇవన్నీ చేతి సంచిలోనే, చెకిన్ సామానులో వెయ్యకు.

దిగాక ఎమ్మెస్పీ ఆన్‌లైన్ అప్లికేషన్‌లో ముగ్గురి పేర్లూ ఒకే ఫారంలో పెట్టండి. పీఆర్ కన్ఫర్మేషన్ కాగితం స్కాన్ జోడించాలి. తర్వాత ఉత్తరం వస్తుంది, అది పట్టుకుని పెద్దవాళ్లిద్దరూ డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ఐసీబీసీ ఆఫీసుకెళ్లి ఫొటో దిగితే కార్డు పోస్టులో ఇంటికొస్తుంది. పాప రానక్కర్లేదు. ఇల్లు మారితే అడ్రసు మార్చడం మర్చిపోకండి, కార్డులు పాత బేస్‌మెంట్‌కి వెళ్లిపోయి జనం మా బల్ల దగ్గరికొచ్చి గొడవపడతారు. పుట్టిన బిడ్డకి కవరేజీ దానంతటదే వచ్చేస్తుందనుకోకండి. హాస్పిటల్లో ఉండగానే బర్త్ రిజిస్ట్రేషన్ వివరాలు అడిగి తెలుసుకుని, అందులోనే ఎమ్మెస్పీకి కూడా చేర్చెయ్యండి.